లచ్చవ్వ చెప్పిన రొట్టెల సంగతి

పోయిన ఏడాది నేను నోరు విప్పి ఉంటే లచ్చవ్వ సిరిసిల్ల విడిచి పోయేది కాదు.

మా మరమగ్గాల షెడ్డులో ఆమె నూలును కండెలకు చుట్టేది. నా బామ్మర్ది శేఖర్ మగ్గాలు నడిపేవాడు. ఒక మధ్యాహ్నం అతడు పనిలోకి దిగిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి. గొంతు ఎవరో పరాయి మనిషిదిలా మారిపోయింది. మగ్గాలన్నీ ఆపేశాం. ఆ నిశ్శబ్దంలో ఈల వేసినట్టు అతడి ఊపిరి ఒక్కటే వినిపించింది.

"రొట్టె తిని పనికెక్కితెనే గిట్లయితాంది సేటూ. పోయినసారి గూడ గంతే," అంది లచ్చవ్వ.

"గీమెకెట్ల తెలుసు? గీమెనే ఏదో చేసింది!" అన్నారు పక్కవాళ్లు.

ఆస్పత్రిలో సూది వేశాక శేఖర్ తేరుకున్నాడు. కానీ లచ్చవ్వ బాణామతి చేసిందన్న మాట వాడంతా పాకింది. ఆ రోజు గోధుమరొట్టెలు చేసి పెట్టింది నా భార్య. నింద మా ఇంటి మీదికి వస్తుందని నేను ఊరుకున్నాను. లచ్చవ్వ కోరుట్లలో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆమె పోయిన నెలకే శేఖర్‌కు మళ్లీ అలాగే అయింది. జగిత్యాల డాక్టరు పరీక్షలు చేసి, "గోధుమ పడదు. తిని వెంటనే కష్టం చేస్తే ప్రాణం మీదికొస్తది," అన్నాడు. అచ్చం లచ్చవ్వ మాటే.

కోరుట్ల వెళ్లాను. ఆమె తలుపు సగమే తీసింది.

"పిలగాడు మంచిగున్నడా?"

"ఉన్నడవ్వా. తప్పు నాది."

"నాకెందుకు చెప్తున్నవ్? మీ వాడల చెప్పుపో."

మరునాడు షెడ్డు ముందు అందరినీ పిలిచి, డాక్టరు చెప్పిన మాటా, నేను ఊరుకున్న సంగతీ చెప్పి, ఫోన్‌లో లచ్చవ్వ వింటుండగా, "అవ్వా, నన్ను మన్నించు," అన్నాను.