చెయ్యెత్తని న్యాయనిర్ణేత

చెవులు వినబడనందుకు ఒక బలశాలిని జిల్లా పోటీలో ఓడించి, ఫలితాల పట్టికలో అతడి పేరు ఎదుట సున్నా వేశారు. ఆ బలశాలి కంచరపాలెం యోహాన్.

ఓడల మరమ్మతు యార్డులో ఇనుప రేకులపై తుప్పును సుత్తితో రాల్చడం అతడి ఉద్యోగం. ఆ మోతకే వినికిడి పోయింది. "కేకేత్తే పలకడు గానీ సేపల పులుసు మూత తీత్తే పరిగెత్తుకొత్తాడు" అని భార్య రోజలిన్ ఎత్తిపొడుస్తుంది.

పవర్‌లిఫ్టింగ్‌లో మూడు అంశాలున్నాయి. భుజాలపై బరువుతో గొంతుక్కూర్చుని లేవడం స్క్వాట్. బల్లపై వెల్లకిలా పడుకుని ఛాతీ మీది నుంచి పైకి నెట్టడం బెంచ్ ప్రెస్. నేలమీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తడం డెడ్‌లిఫ్ట్. ఒక్కొక్కదానికి మూడు అవకాశాలు. మూడింటిలోని మేలైన బరువుల మొత్తంతోనే గెలుపు. ఏ ఒక్కదానిలో మూడు అవకాశాలూ పోయినా ఆ మొత్తమే ఉండదు, రాష్ట్ర పోటీకి దారీ ఉండదు.

బెంచ్ ప్రెస్‌లో కడ్డీ ఛాతీపై నిశ్చలంగా ఆగాక, తల వెనుక కూర్చున్న ప్రధాన న్యాయనిర్ణేత "ప్రెస్" అనేదాకా నెట్టకూడదు. పడుకున్నవాడికి ఆయన కనిపించడు. కనుక తన కళ్లెదుట చెయ్యెత్తి చూపాలని యోహాన్ ముందుగానే అర్జీ ఇచ్చాడు. దాని నకలు ఇది రాస్తున్న నా దగ్గరుంది. "అలాగే" అన్న పోటీల కార్యదర్శి, పోటీనాడు "అందరికీ ఒకే పద్ధతి" అన్నారు.

మొదటిసారి అంచనాతో నెట్టాడు. తొందరపడ్డాడని ఎర్ర దీపాలు వెలిగాయి. రెండోసారి ఆగి ఆగి, బరువు కింద ఊపిరాడక నెట్టలేకపోయాడు. మూడోసారి శిక్షకుడు హుస్సేన్ బాషా పక్కనుంచి తువాలు ఊపితే, బరువు చక్కగా లేచింది. బయటి సాయమంటూ దాన్నీ కొట్టేశారు.

"ఏటి బావా, బరువు లేసిందా, నేదా?" అన్నాడు యోహాన్.

పెదవులు కనిపించేలా ఎదురుగా నిలబడి, "బరువు లేసింది. ఆళ్ల సెయ్యే లెగనేదు" అన్నాడు బాషా. "పద, ఇంటికెల్పోదాం."

"నాను డెడ్‌లిఫ్ట్ ఎత్తకుండా రాను. సూడనీ ఆళ్లని."

ఎత్తాడు. రెండువందల ఇరవై కిలోలు, చెల్లిందంటూ మూడు తెల్ల దీపాలు. ఆ అంశంలో దించమనే ఆజ్ఞను న్యాయనిర్ణేత నోటితోపాటు చేతితోనూ పోటీదారులందరికీ చూపుతారు. అక్కడ ఎవరి నిష్పక్షపాతానికీ భంగం కలగలేదు.

పోటీ నిర్వాహకులారా, రాష్ట్ర జట్టు ఎంపిక ఇంకా పూర్తికాలేదు. యోహాన్‌ను పిలిచి ఆ బెంచ్ ప్రెస్ మళ్లీ చేయించండి. ఈసారి అతడికి కనిపించేలా చెయ్యెత్తండి. అది కుదరదంటే, ఎందుకు కుదరదో సంతకం చేసి రాసివ్వండి.