సుగుణకు నేను అంటగట్టిన రోగం

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు. ఎవరి సొమ్మూ పోలేదు. బయటికి చెబితే కొందరు నవ్వుతారు, ఇదీ ఒక పాపమేనా అంటారు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు నా కోపాలు, ఓర్వలేనితనాలు అన్నీ దేవుడి ముందు పెట్టేదాన్ని. దీని దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడేది. దేవుడికి చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీరు నా మొహం చూడరు కాబట్టేనేమో.

నేను నర్సుని. అప్పట్లో ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో చిన్న దవాఖానాలో పనిచేసేదాన్ని. డాక్టరు వారానికొకసారి జీపులో వచ్చి వెళ్ళేవాడు. మిగతా రోజులు జ్వరానికీ కాన్పుకీ నేనే దిక్కు. నా భర్త మణుగూరులో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేవాడు. మంచివాడే. కానీ మా ఇద్దరి మధ్య పక్క మీద జరిగేది నాకు అంట్లు తోమడం లాంటి ఒక పని. ఎప్పుడైపోతుందా అని చూసేదాన్ని. ఆడవాళ్ళందరికీ ఇంతే అనుకున్నాను. నర్సు చదువులో గర్భసంచి బొమ్మ గీయించారు, కాన్పు చేయడం నేర్పారు. ఆడదాని శరీరానికి సుఖం అనేది ఒకటుంటుందని ఎవరూ ఒక్క వాక్యం చెప్పలేదు.

సుగుణది ఆ ఊరే. అసలు పేరు వేరు. అప్పటికి ఇరవయ్యారేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. భర్త వెంకన్న ట్రాక్టరు నడిపేవాడు. ఆమె రెండో కాన్పు నేనే చేశాను, అందుకే నా దగ్గర చనువు. ఒక రోజు మధ్యాహ్నం జనమంతా వెళ్ళిపోయాక వచ్చి, తలుపు దగ్గరగా వేసి, బల్ల మీద కూర్చుంది.

"నర్సమ్మా, ఒకటి అడుగుత. నవ్వద్దు."

"అడుగు."

"మా ఆయనతోని ఉన్నప్పుడు ఆఖరికి నాకు ఏందో అయితది. తొడలల్ల మొదలై నడుముకు ఎక్కుతది. బిగుసుకుంట, బిగుసుకుంట పోయి ఒక్కసారి ఊపిరాగినట్లయి, ఒళ్ళంత జల్లుమంటది. లోపల్నేమో కొట్టుకున్నట్లయితది, గుండె లెక్కనే. అటెనక ఏడుపొస్తది. బాధతోని కాదు. ఒళ్ళు దూది లెక్క అయిపోతది. మా చిన్నాయనకు ఫిట్సు ఉండె. నాకు గూడ గట్లనే వస్తున్నయా?"

"వచ్చినప్పుడు తెలివి ఉంటుందా? ఏమైందో గుర్తుంటుందా?"

"అన్నీ యాదికుంటయి. ఆయన నవ్వేది గూడ." తల దించుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది. "మళ్ళ రావాలనే ఉంటది నర్సమ్మా. గందుకే భయం."

ఇక్కడ ఆగాలి నేను. ఎన్నిసార్లు రాయబోయినా ఇక్కడే ఆగిపోయాను.

ఫిట్సు వచ్చిన మనిషికి తర్వాత ఏమీ గుర్తుండదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకది రోగం కాదని ఆ క్షణానే అర్థమైంది. అదేమిటో పేరు తెలియదు, అంతే. కానీ చెబుతున్నప్పుడు ఆ మొహంలో ఒక మెరుపుంది. చదువు లేని, రోజంతా మిరపచేలో వంగి పనిచేసే మనిషికి అంత ఆనందం ఎక్కడిది? తెల్లబట్టలు కట్టుకుని, నలుగురిచేత నర్సమ్మా అనిపించుకునే నాకు లేనిది ఆమెకెలా వచ్చింది? ఇలా మాటల్లో అనుకున్నానా? అనుకోలేదు. ఓర్చుకోలేకపోయాను మాత్రం. ఆ ఓర్వలేనితనమే నోట్లోంచి వచ్చింది.

"అది నరాల జబ్బు సుగుణా. మంచిది కాదు. ముదిరితే మనిషి పనికిరాకుండా పోతుంది. వచ్చేటట్లుంటే బిగబట్టి ఆపుకో. సంసారపక్షపు ఆడవాళ్ళకు ఇట్లా రాదు."

ఆ చివరి మాట అవసరమా? జబ్బు అన్నది చాలలేదా నాకు? సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడటం చూశాను. బలం మాత్రలు పొట్లం కట్టి చేతిలో పెట్టాను.

మూడు నెలల తర్వాత దోసకాయలు పట్టుకుని వచ్చింది. "తగ్గింది నర్సమ్మా. మీ దయ. ఇప్పుడు అస్సలు రాట్లే," అంది. దోసకాయలు తీసుకున్నాను. కూర కూడా వండుకున్నాను.

ఇంకొన్నాళ్ళకు వెంకన్న కాలికి దెబ్బ తగిలి వచ్చాడు. కట్టు కడుతుంటే నేలకేసి చూస్తూ అన్నాడు, "మా ఇంటామె నేను దగ్గరికొస్తే కట్టె లెక్క అయితున్నది. నాతోని ఏమన్న తప్పయిందా? మీకేమన్న చెప్పిందా?" పిల్లల పనితో అలసిపోయి ఉంటుందన్నాను. అతను తలూపి, కుంటుకుంటూ వెళ్ళాడు.

తర్వాత నాకు పెనుబల్లి వైపు బదిలీ అయింది. కొన్నేళ్ళకు ఖమ్మంలో నర్సులకు శిక్షణ పెట్టారు. ఒక లేడీ డాక్టరు ఏ దాపరికమూ లేకుండా ఈ సంగతి చెప్పింది. కోరిక పెరిగేకొద్దీ ఒంట్లో బిగువు పెరుగుతుందని, పతాకస్థాయికి చేరినప్పుడు లోపలి కండరాలు లయగా ముడుచుకుని వదులుతాయని, ఆ తర్వాత ఒళ్ళు తేలికపడుతుందని. కొందరికి నవ్వొస్తుందట, కొందరికి ఏడుపు. అందరికీ ఒకేలా ఉండదు, ప్రతిసారీ రావాలనీ లేదు. భార్యాభర్తలు తొందరపడకుండా, ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలంది. అందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం బల్ల మీద కూర్చున్న సుగుణ గొంతే వినపడింది. ఆమె ఒక్క ముక్క తప్పు చెప్పలేదు.

ఆ ఏడాదే, ఒక ఆదివారం మధ్యాహ్నం, నా భర్తతో మొదటిసారి నోరు తెరిచాను. నెమ్మదిగా అన్నాను. ఇలా బాగుంది అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు, కానీ విన్నాడు. నాకూ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో. బిగువు, జల్లు, లోపల గుండె కొట్టుకున్నట్లు, ఆ తర్వాత ఏడుపు. సంతోషంతో ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. సంతోషమూ ఉంది. కానీ నేను ఒక మనిషి దగ్గర నుంచి లాక్కున్నదేమిటో అప్పుడే నా ఒంటికి తెలిసింది. ఇది ఉందని తెలిశాక, అది లేకుండా ఆమె ఎన్నేళ్ళు పడుకుని లేచింది?

వారం తిరక్కుండా బస్సెక్కాను. సుగుణ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. వెంకన్న లేడు, పనికి పోయాడు. పక్కన కూర్చుని చెప్పేశాను, అది రోగం కాదని, ఆరోగ్యంగా ఉన్న శరీరం చేసే పనేనని. ఆమె చేతులు ఆగాయి.

"ఆయన గిప్పుడు వసారల పండుకుంటడు," అంది. తర్వాత నా కళ్ళలోకి చూసింది. "నర్సమ్మా, అప్పుడు మీరు తెలిసే చెప్పిన్రా, తెల్వక చెప్పిన్రా?"

"తెలియక," అన్నాను.

"తెల్వకుంటే మీరు మాత్రం ఏం జేస్తరు. పోనియ్యండి." లేచి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.

ఆమె క్షమించింది తెలియక పొరబడిన ఒక నర్సుని. ఆ నర్సు నేను కాదు. ఆ తర్వాత ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళ మధ్య ఏమైనా మారిందో లేదో తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందా?

సుగుణకు చదువు రాదు, ఈ కాగితం ఆమెకు చేరదు. అయినా ఆ వాకిట్లో నేనివ్వాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. తెలిసే చెప్పాను. నీ మొహంలో వెలుగు చూడలేక చెప్పాను.

రాశాను. ఊపిరి, చాలా ఏళ్ళ తర్వాత, అడ్డం లేకుండా లోపలి దాకా దిగింది.