కాడి లేని బండి

ఆ రోజుల్ల మా జడ్చర్ల దిక్కు పల్లెలల్ల బండి అంటె ఎడ్లబండే. కారు అంటె ఎవరో పెద్దమనిషి దుమ్ము లేపుకుంట పోయేది, మేము నోట్ల దుమ్ము పడుతున్నా నోరు మూయకుంట చూసేది. అసొంటి కాలంల నాకు ఇరవై ఏండ్లప్పుడు జడ్చర్లల ఓ మోటరు రిపేరు దుకాన్ల పది దినాలు పని చేసిన. (పని అంటె నట్లు గ్యాసునూనెల కడుగుడు, ఉస్తాదుకు చాయ్ తెచ్చుడు.) పదకొండోనాడు ఉస్తాదు తిడితె రోషమొచ్చి ఇంటికొచ్చి, ఊర్ల మాత్రం "ఇంజను ఇప్పి మళ్ల బిగిస్త" అని చెప్పుకుంట తిరిగిన. ఊరు నమ్మిందో లేదో గని మా బాపు తలకాయ ఊపిండు. గా తలకాయ ఊపుడు చూసి నేను ఇంకింత పెద్దగైన.

మా బావ, అంటె అక్క పెనిమిటి, పాలమూర్ల ఓ సేటు కారు నడిపేటోడు. ఓ ఐతారం ఆ కారేసుకొనే మా ఇంటికొచ్చిండు. ఊరు ఊరంత మా వాకిట్లనే. కోడికూర, జొన్నరొట్టె తిని, "ఎనక చక్రం కీచుకీచుమంటాంది బామ్మర్దీ. జర చూడు. పని వస్తదంటె మా సేటుకు చెప్పి నిన్ను గూడ డ్రైవరుగ పెట్టిస్త" అని, నా జవాబు ఇనకుంటనే అరుగు మీద పండి గుర్రు పెట్టిండు. ఇగ నాకు కాలు నిలుస్తదా? బావ లేచేటాల్లకు గా కీచుడు బందు కావాలె, నా నౌకరి పక్కా కావాలె.

"బాపూ, చక్రం ఊడదీసి కందెన పెడ్దాం" అన్న. బాపు బండికి వేలాడే కందెన బొంగు పట్టుకొచ్చిండు. ఎడ్లబండికి కందెన పెట్టుడు మాకు అన్నం తిన్నంత అలవాటు. ఎడ్లను ఇప్పి కాడి నేలకు దించితె బండి ఏడికీ కదలది, ఇరుసు కింద రోలు బోర్లిచ్చి చక్రం గుంజితె అయిపాయె. గట్లనే కారు కింద జాకీ పెట్టి తిప్పిన. కారుకు కాడి లేదన్న సంగతి మా ఇద్దర్ల ఒక్కలకు గూడ తట్టలే. ఉస్తాదు దుకాన్ల జాకీ ఎక్కిచ్చే ముందల కడమ మూడు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టేటోళ్లు. ఆ రాళ్లు మోసింది నేనే! ఎందుకు మోస్తున్ననో ఒక్కనాడన్న అడిగితె గద.

చక్రం ఊడదీసి పక్కకు దొర్లిస్తె అది పోయి మా అవ్వ ముగ్గు మీద పడ్డది. అవ్వ (బాపును కన్నతల్లి, ఇంట్ల అందరికి పెద్ద పోలీసు) లేచింది. "అలికిన వాకిట్ల గా మసి చక్రమేందిర, నీ చేతులిరగ! తియ్, గా కారు కిందికే నూకు!" ఆమె నోరు మూపిద్దామని చక్రాన్ని పండవెట్టి కారు కిందికి నూకిన. నేను కిందికి దూరవోతె బాపు భుజం పట్టి ఆపిండు. "నీ అంగి కరాబైతది, బావ ముంగట మంచిగుండాలె" అని కందెన బొంగు పట్టుకొని తనే దూరిండు.

మా వాకిలి బజారు దిక్కు వాలుగుండె. ఆ కారు చేతిబ్రేకు పేరుకే. బాపు లోపల ఏం కదిలిచ్చిండో, కారు బెత్తెడు ముందుకు జరిగింది, జాకీ పక్కకు ఒరిగింది, కారు దభీమని కూలవడ్డది. "బాపూ!" అని ఒర్లిన. పలుకుడు లేదు. నౌకరి వద్దు, కారు వద్దు, బాపు ఒక్కడు బతికుంటె సాలు దేవుడా అని మొక్కిన. అప్పుడు లోపలికెల్లి మెల్లగ అడిగిండు: "అరేయ్, కాడి దించినవా లేదా?"

అవ్వ ముగ్గు కోసం నూకిన చక్రం మీద కూసున్నది కారు. బాపు రొమ్ముకూ కారుకూ జానెడు సందు. "చక్రాలకు రాళ్లన్న అడ్డం పెట్టకపోతిరి" అని తిట్టుకుంట పదిమంది కలిసి కారు లేపితె మీసాలకు కందెన పూసుకొని బయటికొచ్చిండు. ఆ లొల్లికి లేచిన బావతోని, నేను నోరు తెరవకముందే, "ఏం లేదు అల్లుడా, పిలగాడు రాళ్లు పెట్టుమనే చెప్పిండు, నేనే ఇనలే" అన్నడు. ఆ మాట నమ్మి బావ నన్ను నౌకరిల పెట్టిచ్చిండు.

చాన ఏండ్లకు, నా పది దినాల ఇంజనీరుతనం సంగతి బాపుకు చెప్పుకున్న. "నాకు ఎరుకేరా. నువ్వొచ్చిన మూడోనాడే మీ ఉస్తాదు సంతల కలిసి అంత చెప్పిండు" అన్నడు.

"ఎరుకైతె ఎందుకు దూరినవ్ బాపూ?"

"నువ్వు దూరుతవని భయమాయె."

ఇప్పుడు నేను ఆనాటి బాపు కంటె పెద్దోన్ని. నా కొడుకు ఇంటి ముంగట కారుకు జాకీ పెడ్తె, నడుము వంగకున్నా పోయి, "జరుగు, నీ అంగి కరాబైతది" అంట. వాడు నవ్వుతడు. నేను గూడ నవ్వుకుంట, చక్రాలకు రాళ్లు పెడ్త.