వెల్లుల్లి తెల్లగానే ఉంది

ఐలావ్ కొండల కింద మా ఊళ్లో, బస్సులు ఆగే చోట చ్యోంగ్‌ఫెన్ వదినకి బియ్యపు సేమియా కొట్టు ఉంది. పక్కనే నా చీపుళ్ల కొట్టు. ఆవిడ నోటికి నా చెవులు ఏనాడో లొంగిపోయాయి. ఆవిడ మొగుడు జెంగ్‌వెన్ అన్నయ్య పిండి రుబ్బుతాడు, మాట్లాడడు. ఆ మాట్లాడే పని కూడా ఆవిడే చూసుకుంటుంది. భోజనం దగ్గర మాత్రం ఆవిడ ప్రేమ చూడాలి. పళ్లెంలో మంచి ముక్క కనబడితే చాలు, తినే పుల్లలతో తీసి మొగుడి గిన్నెలో పడేస్తుంది. "తిను ముసలోడా, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అంటుంది. ఆయన తింటాడు.

వానలు పడ్డాక కొండెక్కి పుట్టగొడుగులు ఏరుకొచ్చే పిచ్చి మా అందరికీ ఉంది. ఆ ఏడు వదిన బుట్టెడు తెల్లవి తెచ్చి, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ దండిగా వేసి వేయించింది. వెల్లుల్లి నల్లబడితే విషం, తెల్లగా ఉంటే తినొచ్చు. మా అమ్మమ్మల నాటి లెక్క అది. నల్లబడలేదు. నన్ను పిలిచి మరీ చూపించింది.

మర్నాడు అన్నయ్యకి వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కిస్తే తగ్గాయి. లేచి పిండి కూడా రుబ్బాడు. హమ్మయ్య అనుకున్నాం. అంతలోనే మొహం ఉబ్బింది, మూత్రం ఆగిపోయింది. పెద్దాసుపత్రిలో చూసి కిడ్నీలు పనిచేయడం లేదని డయాలసిస్ పెట్టారు.

వదిన చేతికి వెంటనే దొంగ దొరికాడు. వీధి చివర మూలికలు అమ్మే షూ తాత అన్నయ్య మోకాళ్లకి ఏవో వేర్ల కషాయం ఇస్తున్నాడు. వదిన వెళ్లి ఆయన ఎండబెట్టుకున్న వేర్లన్నీ రోడ్డు మీద పారబోసింది.

"నా మొగుడి కిడ్నీలు తినేశావు కదరా!"

"అమ్మా, ఆ కషాయం నేనూ తాగుతున్నా గదా!" అన్నాడు తాత వేర్లు ఏరుకుంటూ.

"ఇంకో నాలుగు గ్లాసులు తాగు, ఊరికి పీడ వదులుతుంది!"

ఆసుపత్రిలో డాక్టర్ మూ అనే అమ్మాయి అడిగింది, "పుట్టగొడుగులేమన్నా తిన్నారా?"

"తిన్నాం. వెల్లుల్లి తెల్లగానే ఉందమ్మా. అయినా నేనూ తిన్నాగా, నాకేం కాలేదే?"

"మీరెన్ని తిన్నారు?"

వదిన లెక్కపెట్టబోయి వేలు మడిచింది, మళ్లీ విప్పేసింది.

"నేను... వెల్లుల్లీ మిరపకాయలూ కలుపుకున్నా. ముక్కలన్నీ ఆయన గిన్నెలో వేశా."

"విషం సంగతి వెల్లుల్లికేం తెలుస్తుందండీ?" అంది డాక్టరమ్మ. "ఏదన్నది ఇప్పుడే చెప్పలేను. మీరు చెప్పిన కషాయం వేర్లలో కొన్ని కిడ్నీల్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. అదే అయితే జీవితాంతం ఈ మిషనే. పుట్టగొడుగులయితే మాత్రం మెల్లగా తేరుకోవచ్చు. చూద్దాం."

వదిన బుర్ర తిరిగిపోయింది. నాదీ అంతే. వేర్లయితే ఆవిడ తప్పేం లేదు, మనిషి మాత్రం మిషనుకి అతుక్కుపోతాడు. పుట్టగొడుగులయితే మనిషి దక్కుతాడు, విషం పెట్టింది ఆవిడవుతుంది.

"ఏది కోరుకోమంటావే?" అంది నా చెయ్యి పట్టుకుని.

నాకేం తెలుసు? ఊరందరికీ సలహాలిచ్చే మనిషి నన్ను అడిగేసరికే నాకు భయమేసింది.

కొన్నాళ్లు పొద్దున షూ తాతనీ, సాయంత్రం తన చేతుల్నీ తిట్టుకుంది. ఆ తర్వాత తాతని తిట్టడం మానేసింది. అన్నయ్య కాళ్లు పడుతూ గొణిగేది, "పుట్టగొడుగులే కావాలి తల్లీ. చేసింది నేనే అవ్వాలి."

మూత్రం మొదట కొద్దికొద్దిగా వచ్చింది. తర్వాత బాగానే రాసాగింది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "కిడ్నీలు తేరుకుంటున్నాయి. ఇక మిషను ఆపేద్దాం. మీ పుట్టగొడుగులే అయ్యుంటాయి" అంది.

వదిన వార్డు మధ్యలోకి పరుగెత్తింది. పక్క మంచం ముసలాయన కొడుకు బిత్తరపోయి, పోలీసుల్ని పిలవాలా అని నన్నడిగాడు. వదినకి అవేం పట్టలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే చేతులెత్తి కేకలు పెడుతోంది.

"నేనే! విషం నేనే పెట్టానంట! నా చేత్తో నేనే పెట్టానంట!"