బాపును మోసిన మనుషులు

మోత్కూర్ మార్కెట్ యార్డు పక్కగా వెళ్తుంటే పత్తి దుమ్ము ముక్కుకు తగులుతుంది. వెంటనే నాకు ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

తెలంగాణ వచ్చిన కొత్త, నేనింకా చిన్నపిల్లవాణ్ణి. భూములన్నీ పోయినా ఊళ్లో మాది దొరల ఇల్లే. బాపు యార్డులో గుమాస్తా అని మా అవ్వ, బాపు తల్లి, అందరికీ చెప్పేది, నేనూ నమ్మేవాణ్ణి. ఆ మధ్యాహ్నం నలుగురు ఎర్ర అంగీల హమాలీలు బాపును మంచం మీద మోసుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. ముత్తాతను బోయీలు మేనాలో మోసేవాళ్లని అవ్వ చెప్పగా విన్నవాణ్ణి. మాకు మంచి రోజులు తిరిగొచ్చాయని చప్పట్లు కొట్టాను.

"మోస్తాంటే బస్తా నడుం మీద పడ్డదవ్వా, దవాఖానకు తీస్కపోయి తెచ్చినం" అన్నాడు వాళ్లలో పెద్దాయన. "సేటేమో గీయన తన కాడ పనిచేసే మనిషే కాదంటాండు. ఒప్పుకునేదాంక ఒక్క బస్తా లేపం."

అన్నట్టే యార్డు ఆపేశారు. సేటు దిగొచ్చాడు. మా చుట్టాల్లో మాత్రం ఒక్కరూ తొంగిచూడలేదు.

మంచం దిగిన రోజు, హమాలీ సంఘంలో చేరుతున్నానని బాపు చెప్పాడు.

"దొరల బిడ్డవు, ఎర్రజెండా పడ్తవారా? మన పరువేం గావాలె?" అని అవ్వ ఏడ్చింది.

"తాతను మోసినోళ్లు కాదంటే బతికెటోళ్లు కాదు. నన్ను మోయమని వీళ్లకెవ్వరు చెప్పిన్రే?"

బాపు నడుముకు తువ్వాలు బిగించి, గోడ పట్టుకొని మీటింగుకు బయలుదేరాడు. ఆ నడుము మళ్లీ నిటారు కాలేదు.