కింది నుంచి తొమ్మిదో వరుస

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా పక్కింటావిడకు పూనకం వస్తే అందరూ దండాలు పెడుతుంటే, నేను వెనకనుంచి వెళ్లి ఆమె అరికాలికి చక్కిలిగింత పెట్టి మా అమ్మ చేత తన్నులు తిన్నదాన్ని.

కాబట్టి ఇది మిమ్మల్ని నమ్మించడానికి రాయడం లేదు. ఒక రచయిత పోయాక ఆయన చేతిరాతలో నేను దొంగరాత రాశానని పుస్తకాలవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతోంది. ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను.

మాదాపూర్‌లో ఐటీ ఆఫీసుల వెనక సందులో నాకు జిరాక్స్, డీటీపీ షాపు ఉండేది. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇల్లు, లోకల్ రైల్లో రాకపోకలు. రెజ్యూమెలు, పెళ్లిపత్రికలు ఎక్కువగా వచ్చేవి. తెలుగు తప్పుల్లేకుండా కొడతానని పేరుండటంతో అప్పుడప్పుడు కథల పుస్తకాలు కూడా వచ్చేవి.

మల్లేశం సార్ అలాగే వచ్చారు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు పత్రికలో ప్రూఫ్ రీడర్. ఆ ఉద్యోగం పోయాక రాయదుర్గంలో ఒక ఆఫీసు గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించుకునే పని చేసేవారు. బోరబండలో ఒంటరి గది. భార్య విసిగిపోయి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆయన మనసు కుదురుగా ఉండేది కాదు. కొన్నాళ్లు మాత్రలు వేసుకునేవారు, కొన్నాళ్లు మానేసేవారు, మానేసినప్పుడు తాగేవారు.

ఆయన కథల్లో కథ ఉండదు. ఒక మనిషి లిఫ్టు ఎక్కుతాడు, పదహారు పేజీలు అందులోనే ఉంటాడు, దిగడు. నాకు తిక్క రేగి ఒకరోజు అడిగేశాను, ఇది ఎవరు చదువుతారు సార్ అని.

"నువ్వు సదివినవ్ కద. ఇంకొకరు దొరుకుతరు, జర ఆగు" అన్నారు.

ఆయన ప్రూఫు చూసే పద్ధతి కూడా తలకిందులే. చివరి పేజీ చివరి వరుసతో మొదలుపెట్టి పైకి చదివేవారు. పైనుంచి చదివితే కథ మనల్ని లాక్కుపోతుందట, తప్పు కంటికి ఆనదట. తప్పున్న వరుసను కూడా కింది నుంచే లెక్కపెట్టి, అంచున పెన్సిల్‌తో ఆ అంకె వేసేవారు. మొదట్లో ఇది తెలియక నేను పైనుంచి లెక్కపెట్టి, బాగున్న వాక్యాలన్నీ చెడగొట్టి చీవాట్లు తిన్నాను.

అవి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. వారంలో రెండు రోజులు షట్టరు సగం దించుకుని కూర్చునేవాళ్లం. సార్ ఊరేగింపుల్లో నడిచేవారు. రాయమంటే మాత్రం ఎవరికీ రాసిచ్చేవారు కాదు. చివరికి యాదగిరి గారు ఉద్యమ కథల సంకలనం వేస్తున్నానంటే ఒక్క కథ ఇచ్చారు. యాదగిరి గారు పత్రికలో సార్ చేతి కింద పని నేర్చుకున్న మనిషి. ఆ సంకలనమంతా నా షాపులోనే టైపు అయింది.

ఆ కథలో ఒక గేటు కాపలా మనిషి ఉంటాడు. ఒకప్పుడు తన మెట్టచేను, ఆ చెలక ఉన్నచోట లేచిన అద్దాల మేడకే కాపలా. చివరి పేరాలో అతను రిజిస్టరు తీసి, సందర్శకుల పేర్ల కింద తన పేరు రాసుకుంటాడు. వచ్చిన సమయం వేస్తాడు. వెళ్లిన సమయం దగ్గర ఖాళీ వదిలేసి కుర్చీలో కూర్చుంటాడు. అంతే. టైపు చేసి నేను కాసేపు పని చేయలేకపోయాను. కడపోళ్ల పిల్లను, ఆ బాధ నాకెందుకు అంటుకుందో అప్పుడు అర్థం కాలేదు.

యాదగిరి గారికి ఆ ముగింపు నచ్చలేదు. షాపులోనే వాదన జరిగింది.

"అన్నా, మంది లేస్తున్నరు. గిప్పుడు గిట్ల ఓడిపోయినట్టు రాస్తే ఎట్ల? వాడు రిజిస్టరు ఇసిరికొట్టి జెండా పట్టాలె."

"తెలంగాణ నాకు గూడ గావాలె యాదగిరీ. గని నా కథల ఆఖరి మాట నాది. దాన్ని ఎవ్వనికియ్య" అన్నారు సార్.

యాదగిరి గారు వెళ్లాక సార్ నా వైపు తిరిగి, ముగింపు మారకుండా చూసుకొమ్మన్నారు. "మారనిస్తానా సార్, నేనుండా కదా" అన్నాను. ఎంత సులువుగా అనేశానో.

పదిహేను రోజులకు సార్ గుండె ఆగి పోయారు. పక్కగదివాళ్లు దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. సొంతూరికి తీసుకెళ్లి దహనం చేశారు. ఆ రోజు బస్సుల్లేవు, నేను వెళ్లలేకపోయాను.

ఐదో రోజు యాదగిరి గారు వచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి, ఆ మాట కూడా చెప్పాలి. చేతిలో కొత్త ముగింపు రాసిన కాగితం ఉంది. అందులో కాపలా మనిషి రిజిస్టరు చించి పిడికిలి బిగిస్తాడు. "కొట్టమ్మా, అన్న ఉంటే ఒప్పుకుంటుండె" అన్నారు.

ఒప్పుకోరని నాకు తెలుసు. అయినా ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆంధ్రదాన్ని, ఈ రోజుల్లో ఇలాంటి విషయంలో నోరెత్తితే ఏమంటారో అని భయపడ్డాను. నిజానికి ఆ సందులో నన్ను ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదు. భయం పూర్తిగా నాదే.

మరుసటిరోజు పొద్దున వచ్చి కొత్త పేరా కొట్టాను. పదకొండు గంటలకు ఆ పేజీ ప్రింటు తీశాను. అంతకుముందే ప్రింటర్‌లో టోనర్ మార్చాను, అక్షరాలు నల్లగా వచ్చాయి. పాత ప్రూఫుల్లో అలా లేవు, బూడిద రంగులో ఉండేవి. పేజీని కవరులో పెట్టి బల్ల మీద ఉంచాను.

కాసేపటికి మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు వచ్చింది. షట్టరు పూర్తిగా దించి, సందు చివరిదాకా వెళ్లి నిలబడి చూశాను. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. షట్టరుకు తాళం వేయలేదు. ఇది దాచను. ఎవరైనా లోపలికి వెళ్లి ఉండొచ్చు.

ఒంటిగంటకు యాదగిరి గారు వచ్చి కవరు విప్పారు. విప్పి నన్ను పిలిచారు. నేను లేచి వెళ్లి చూశాను.

కొత్త పేరా మొత్తం మీద ఒకే ఒక్క పెన్సిల్ గీత. దాని పక్కన అంచులో పాత ముగింపు, ఒక్క మాట పోకుండా, సార్ చేతిరాతలో. ఆయన "క" మీద తలకట్టు విడిగా, పక్షి ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. అలాగే ఉంది. ఇంకో అంచున 9 అంకె. కింది నుంచి లెక్కపెట్టాను. తొమ్మిదో వరుసలో "పిడికిలి" అని కొట్టబోయి "పిడిలికి" అని కొట్టాను. ఆ పొద్దున చేసిన తప్పు అది. అప్పటిదాకా నేనే చూసుకోలేదు. గీత పెట్టి కొట్టేసిన పేరాలో కూడా తప్పును వదలకపోవడం ఆయన గుణమే.

పాత ముగింపు కింద ఇంకో వాక్యం ఉంది. "కుర్చీ అప్పటికే వెచ్చగా ఉంది." యాదగిరి గారి సంచిలోని సార్ రాతప్రతి తీసి చూశాం. అందులో ఆ వాక్యం లేదు. నేను ఎప్పుడూ టైపు చేయలేదు.

యాదగిరి గారికి కోపం వచ్చింది.

"కింది నుంచి లెక్క నాకు, నీకు తప్ప ఎవ్వరికి తెల్వదు. నేను రాయలే. అంటే నువ్వే రాసినవ్. మా కథలల్ల చెయ్యి పెట్టెటందుకు నువ్వెవరమ్మా?"

అప్పుడు నాకు ఎక్కడ లేని తెగింపు వచ్చింది. ముందురోజు అనాల్సిన మాట అప్పుడు అన్నాను.

"నేనే రాసినానని అనుకోండి సార్. ఏమైనా అనుకోండి. అచ్చుకు ఇదే పోతాది. లేకుంటే నా కంప్యూటర్లో నుంచి మీ పుస్తకం ఒక్క పేజీ కదలదు."

సాయంత్రానికి పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి. కానీ ఆయన ఒప్పుకున్నది అందుకని నేను అనుకోను. ఆ పెన్సిల్ గీతను చాలాసేపు చూశారు. చివరికి "గట్లనే కానియ్" అని లేచి వెళ్లిపోయారు. పుస్తకం సార్ ముగింపుతో, ఆ కొత్త వాక్యంతో వచ్చింది. దాంతోపాటు నా మీద నింద కూడా వచ్చింది.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు, దాచుకోవాల్సిన గతి నాకు పట్టలేదు. సార్ భార్య మాత్రం ఒకసారి వచ్చింది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"ఆయన రాతనే. గని మందులు మానేస్తే చెయ్యి వణుకుతుండె. ఇది సక్కగుంది. మనసు మంచిగున్నప్పుడు రాసిండు" అంది. ఎప్పుడు రాశారని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. వెళ్లేటప్పుడు ఒక జిరాక్స్ తీసుకుంది.

ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు లెక్క తేలలేదు. ఎవరైనా వచ్చి రాశారనుకుంటే ఆ అంకె కుదరదు. నేనే మతి తప్పి రాశాననుకుందామా అంటే, నా చేతికి ఆ తలకట్టు రాదు, ప్రయత్నించి చూశాను. దయ్యమందామా అంటే, దయ్యాల్లేవని మొదటే చెప్పాను, మాట మార్చను.

నన్ను తొలిచేది అది కాదు. ఆ పొద్దున ఆ బల్ల ముందు ప్రాణాలతో, చేతుల కింద కీబోర్డుతో కూర్చున్నది నేను. ఆ పేరాను ఎవరు కొట్టేశారో నాకు తెలియదు. కొట్టేయాల్సింది మాత్రం నేను.