రిజిస్టరులో లేని ఇసుక

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, మామిడికాయల కాలంలో, నన్ను కేజీఎఫ్‌లో ఒక సర్కారు ఆసుపత్రి క్యాజువాలిటీకి సీనియర్ నర్సుగా వేశారు. మా నాన్న అక్కడి గనుల్లోనే పనిచేశాడు కాబట్టి ఊరు నాకు కొత్త కాదు. డాక్టర్ల ఖాళీలూ కొత్త కావు.

ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని తెస్తే, ఒక పక్క వైద్యం చేస్తూనే ఇంకో పక్క ఎమ్మెల్సీ రిజిస్టరు, అంటే మెడికో లీగల్ కేసుల పుస్తకం, రాయాలి. పోలీసు కేసయ్యే దెబ్బలన్నీ అందులోకి ఎక్కుతాయి. నాలుగో గడిలో 'దెబ్బ ఎలా తగిలింది' అని ఉంటుంది. తెచ్చినవాళ్ళు ఏం చెబితే అది వాళ్ళ మాటల్లోనే రాయాలని రూలు. మా ఆచారం వేరు. ఏ బండి గుద్దినా 'గుర్తు తెలియని వాహనం' అనే రాసేవాళ్ళం. వివరం రాస్తే ఏళ్ళ తర్వాత సాక్ష్యానికి రమ్మని కోర్టు సమను వస్తుందని మా పెద్ద నర్సులు నేర్పిన తెలివి అది. ముప్పై ఏళ్ళు నేనూ ఆ తెలివినే చిన్నవాళ్ళకు నేర్పాను.

ఒక పొద్దున బేతమంగళ దగ్గరి పల్లె నుంచి వెంకటమ్మ అనే రైతు మనిషి తన భర్త నారాయణప్పను ఆటోలో తెచ్చింది. డెయిరీకి పాలు పోయడానికి మోపెడ్ మీద పోతుంటే ఏదో బండి గుద్దింది.

"ఇసుక టిప్పరమ్మా. నెంబరు లేదు. గుద్దేసి నంగలి దిక్కు పోయింది. దినామూ పోతానే ఉంటాయి, ఊరంతా చూస్తా ఉండాది" అని చెప్పింది.

నేను తల ఊపాను. చెయ్యి మాత్రం అలవాటు చొప్పున 'గుర్తు తెలియని వాహనం' అని రాసేసింది. సర్జను పోస్టు ఖాళీ. కోలారుకు పంపడానికి ఆంబులెన్సు వచ్చేలోగా నారాయణప్ప పోయాడు.

మర్నాడు గేటు ముందు రెండు పార్టీలు ధర్నాకు దిగాయి. ఒక నాయకుడు, ఆసుపత్రి నిర్లక్ష్యమే చంపింది, విచారణ జరపాలన్నాడు. సర్జను పోస్టు ఖాళీ అయినప్పుడు అధికారంలో ఉన్నది ఆయనే. పాపం, మరిచిపోయి ఉంటాడు. ఇంకో నాయకుడు ఇసుక స్మగ్లింగు మీద చర్య తీసుకోవాలన్నాడు. ఆయన ఇంటికి అప్పుడే రెండో అంతస్తు లేస్తోంది. ఆ ఇసుక వానతోపాటు కురిసిందేమో, నాకు తెలియదు. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెంకటమ్మను పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు. ఏం జరిగిందమ్మా అని అడిగినవాడు లేడు.

విచారణలు రెండూ మహా చురుగ్గా జరిగాయి. ఆసుపత్రి కమిటీ కాఫీలు తాగి, వైద్యంలో లోపం లేదు, తప్పంతా గుద్దిన బండిదే అని తేల్చింది. పోలీసులు మా రిజిస్టరు నకలు చూసి, ఇందులో ఇసుక అన్న మాటే లేదు, స్మగ్లింగుకూ ఈ చావుకూ సంబంధం లేదని రాశారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడుకు కూడా ఎవరూ చెయ్యి చాచలేదు.

నెల తర్వాత వెంకటమ్మ రిజిస్టరు నకలు కోసం వచ్చింది. చదువు రాదు, నన్నే చదవమంది. చదివాను. ఆమె అరవలేదు.

"ఇసుక టిప్పరని మీకే గదమ్మా చెప్పినాను. మీరు తల ఊపినారు. ఇంగ నేను యాడ చెప్పుకునేది?" అంది.

రిజిస్టరులో కొట్టివేతలు కుదరవు. ఆమె చెప్పింది ఇది, నేను రాసింది ఇది అని సంతకం చేసి పోలీసులకూ, మా పై అధికారికీ కాగితం పెట్టాను. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. రిజిస్టరు తప్పుగా రాసినందుకు నాకు మెమో. అంత ధర్నా తర్వాత చర్య అంటూ తీసుకున్నది నా ఒక్కదాని మీదే. టిప్పర్లకు ఇప్పటికీ నెంబర్లు లేవు.

మెమో సరైనదే. మిగతావాళ్ళవి దారిలో ఉన్నాయేమో. నాలుగో గడి నర్సుది కాదు, తెచ్చినవాళ్ళది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వాళ్ళ మాటను వాళ్ళ మాటగానే రాశాను. ముప్పై ఏళ్ళు భయపడిన కోర్టు సమను ఒకే ఒక్కసారి, ఇంకేదో కేసులో వచ్చింది. వెళ్ళి, బెంచీ మీద కాసేపు కూర్చుని, అడిగింది చెప్పాను. మధ్యాహ్నం వంట వేళకు ఇంటికి వచ్చేశాను.